నవ్వితే లేచే అద్దాలు, తల దించితే జారే అద్దాలు

ఈసారి ఉత్తరం అనంతపురం నుంచి. పేరు వద్దన్నది కాబట్టి రాయడం లేదు. వయసు 27, ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకి లెక్కలు చెప్తుంది. నాలుగు పేజీలు రాసింది, అందులో సగం కళ్ళజోడు గురించి, సగం వాళ్ళమ్మ గురించి, రెండూ ఎట్ల కలిసిపోయినాయంటే ఏది ఎక్కడ మొదలైందో ఆమెకే తెలీడం లేదు పాపం.

ఐదో క్లాసు నుంచి సైటు. ఇప్పుడు రెండు కళ్ళకీ మైనస్ 6.50, ఎడమ కంటికి కొంచెం సిలిండర్ (చూపు ఒక పక్కకి సాగినట్లు మసకబారే దోషానికి వేసే పవర్) కూడా ఉంది. "అక్కా, నాది చప్పిడి ముక్కు, మొహం వెడల్పు, ఏ అద్దాలు పెట్టినా నిలబడవు" అని మొదలుపెట్టింది. రెండేళ్ళలో రెండు జతలు కొనింది. మొదటిది ఆన్‌లైన్లో తెప్పించిన పెద్ద చదరం ఫ్రేము, లావు ప్లాస్టిక్, కాడ లోపల 54-17-145 అని ఉందంట. అది ముక్కు మీద కాదు, బుగ్గల మీద కూర్చుంటుంది. నవ్వితే అద్దాలు పైకి లేస్తాయి, రెప్ప వెంట్రుకలు గ్లాసుకి తగిలి జిడ్డు మరకలు. బోర్డు మీద రాసేటప్పుడు చేతిలో చాక్‌పీసు ఉంటుంది కదా, మణికట్టుతో పైకి నెట్టుకుంటుంది, పీరియడ్ అయ్యేసరికి ముక్కంతా తెలుపు, పిల్లలు ఒకటే నవ్వు. స్టాఫ్ రూమ్‌లో ఒక సారు "మేడంకి ముక్కు మీద కోపం తప్ప ఇంకేదీ నిలవదు" అన్నాడంట. రెండోది దగ్గర్లోని షాపులో కొన్న సన్న మెటల్ గుండ్రం ఫ్రేము, 47-20-135. షాపులో బాగానే ఉండింది, వారానికి జారడం మొదలైంది, కణతల మీద ఎర్ర గీతలు, ముక్కుకి రెండు పక్కలా నల్ల మచ్చలు. మూడుసార్లు పోతే ఆ షాపులో పిల్లోడు "అద్దాల్లో ఏం లేదు మేడం, మీ ముక్కే అట్లుంది" అని చెప్పి పంపించినాడు.

ఇంక ఇంట్లో సంగతి. మొదటి పెళ్ళిచూపులకి అద్దాలతో కూర్చుంటే వాళ్ళు మళ్ళీ కబురు చెప్పలేదు, అమ్మ దానికి కారణం అద్దాలే అని తేల్చేసింది. రెండోసారి అద్దాలు తీసి లోపల పెట్టించింది. ఈ పిల్లకి అబ్బాయి ఎవరో, వాళ్ళ చిన్నాయన ఎవరో కనపడక కాఫీ గ్లాసు తీసుకుపోయి ముందు చిన్నాయనకిచ్చింది, అందరూ నవ్వినారు, ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. ఇప్పుడు ఇంకో సంబంధం వస్తాంది, ఇంకా రెండు నెలలుంది. అమ్మ లేజర్ ఆపరేషన్ చేయిద్దాం అంటాంది, నాన్న కంటి మీద కత్తి పెట్టించేది లేదంటాన్నాడు, ఫ్రెండ్ కాంటాక్ట్ లెన్స్ అంటాంది. "నా మొహానికి సరిపోయే అద్దాలు అసలుంటాయా అక్కా, లేకుంటే ఆపరేషనే దారా? ఆరోజు అద్దాలు పెట్టుకోనా, తీసేయనా?" ఇదీ ప్రశ్న.

చెల్లీ, ముందు నా గురించి ఒక మాట. నేను కంటి డాక్టర్ని కాదు. కర్నూల్లో మా చిన్న అద్దాల షాపు కౌంటర్ వెనక 18 ఏళ్ళు కూర్చున్న మనిషిని. మా ఆయన గ్లాసులు చెక్కేవాడు, ముక్కు మీద కూర్చోబెట్టే పని నాది. కాబట్టి ఆ షాపు పిల్లోడు అన్న మాట నాకు కొత్త కాదు, ఫిటింగ్ చేతకానప్పుడు అందరం అనే మాటే అది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు. ముక్కు పుట్టుకతో వచ్చింది, ఫ్రేము ఫ్యాక్టరీలో తయారైంది, రెండిట్లో ఏది మార్చగలమో చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

నువ్వు "ఏదీ నిలవదు" అని ఒకే గాట కట్టేసినావు గానీ నీ రెండు జతల జబ్బులు వేరే వేరే. ఆ నంబర్లు రాసి మంచి పని చేసినావు, చానామందికి కాడ లోపల అవి ఉన్నాయనే తెలీదు. మొదటి నంబరు ఒక గ్లాసు వెడల్పు, రెండోది రెండు గ్లాసుల మధ్య ముక్కు దగ్గరుండే దూరం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో.

మెటల్ దాన్ని చూద్దాం ముందు. 47 గ్లాసు, 20 మధ్యలో, అంటే మొత్తం మీద అది చిన్న ఫ్రేము, నీ మొహం వెడల్పు అని నువ్వే రాసినావు. ఇరుకు ఫ్రేము వెడల్పు తలకి పెడితే ఏమైతుందంటే కాడలు చెవిదాకా నేరుగా పోలేవు, కణతల దగ్గరే ఒత్తుకుని బయటికి విల్లు మాదిరి వంగుతాయి, ఆ ఒత్తిడి ఫ్రేముని ముందుకు నెడుతుంది. తడి సబ్బుబిళ్ళని గట్టిగా పట్టుకుంటే చేతిలోంచి ముందుకు దూకుతుంది చూడు, అదే లెక్క. కాబట్టి అది జారేది నీ ముక్కు వల్ల కాదు, నీ కణతల దగ్గర చోటు లేక. నువ్వు మూడుసార్లు పోయినప్పుడు వాళ్ళేం చేసుంటారో కూడా నేను ఊహించగలను, చెవి వెనక కాడని ఇంకొంచెం వంచి బిగించుంటారు, దాంతో ఇంకా ఎక్కువ ఒత్తుకుని ఉంటుంది. కణతల మీద ఎర్ర గీతలు సాక్ష్యం. దీన్ని కాడలు కొంచెం బయటికి తెరిచి ఒకసారి ప్రయత్నం చేయొచ్చు, బాగా చేయి తిరిగిన మనిషైతే సగం బాగుపడుతుంది, పూర్తిగా మాత్రం కాదు.

ముక్కు పక్కన నల్ల మచ్చల సంగతి. నోస్ ప్యాడ్, అంటే ముక్కు పక్కన ఆనే చిన్న బిళ్ళ, అంతా బల్లపరుపుగా ముక్కుకి ఆనాల, నీకు అంచు ఒక్కటే ఆనుతాంది అనుకుంటా, బరువంతా ఆ అంచు మీదే పడి గుంట పడుతుంది, మీ ఊరి ఎండకి చెమట తోడైతే మచ్చ నల్లబడుతుంది. ప్యాడ్లని పట్టుకుని ఉండే చిన్న తీగలు ఉంటాయి, వాటిని సన్న పటకారుతో తిప్పితే కోణం సరిపోతుంది, ఐదు నిమిషాల పని. ప్యాడ్లు పసుపుపచ్చగా గట్టిపడి ఉంటే సిలికాన్‌వి కొత్తవి వేయించుకో, పెద్ద సైజువి అడుగు, బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. మచ్చతో పాటు దురద, పొక్కులు కూడా ఉంటే మాత్రం అది వేరే కథ, కొంతమందికి నికెల్ కలిసిన మెటల్ పడదు, అట్లాంటోళ్ళు టైటానియం గానీ ప్లాస్టిక్ గానీ చూసుకోవాల, చర్మం డాక్టర్‌కి ఒకసారి చూపిస్తే తేలిపోతుంది.

ఇప్పుడు ప్లాస్టిక్‌ది. ఇక్కడ నిజంగానే ముక్కు పాత్ర ఉంది. అద్దం ముందు నిలబడి నేరుగా చూడు, రెండు కళ్ళ మధ్య ముక్కు దూలం బాగా లోపలికుండే చోటు నల్లగుడ్డుకి పైనుందా, సమానంగా ఉందా, కిందుందా. సమానంగా గానీ కిందగానీ ఉంటే దాన్ని లో బ్రిడ్జ్ అంటారు, నీది అదే అయ్యుంటుంది. ప్లాస్టిక్ ఫ్రేములకి ప్యాడ్లు ఫ్రేముతోనే పోతపోసి ఉంటాయి, కదలవు, చానా వరకు ఎత్తు ముక్కులకి కొలిచి చేసినవి. దూలం ఎత్తు లేనోళ్ళకి అవి పట్టు దొరక్క కిందికి దిగి బుగ్గల మీద కూర్చుంటాయి. బుగ్గ కదిలితే ఫ్రేము కదులుతుంది, నువ్వు నవ్వితే లేచేది అందుకే. రెప్పలు తగిలేది కూడా అందుకే, ముక్కు దగ్గర ఎత్తి పట్టేది ఏమీ లేక గ్లాసు కంటికి మరీ దగ్గరికి వచ్చేసింది. ఇది నీ ఒక్కదాని ముక్కు కాదమ్మా, మన దేశంలో, ఇంకా తూర్పు దేశాల్లో కోట్ల మందికి ఇట్లే ఉంటుంది, రేబాన్, ఓక్లీ మాదిరి కంపెనీలు కూడా ఇప్పుడు 'లో బ్రిడ్జ్ ఫిట్' అని వేరేగా అమ్ముతాన్నాయి, వాటికి ప్యాడ్లు లావుగా, బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ముక్కులు మారలేదు, కంపెనీలకి ఆలస్యంగా అర్థమైంది.

దానికి తోడు ఇంకో తప్పు జరిగింది, అది ఎవరూ చెప్పుండరు. నువ్వు పంపిన చీటీ ఫోటోలో పిడి 62 అని ఉంది, అంటే నీ రెండు నల్లగుడ్ల మధ్య దూరం 62 మిల్లీమీటర్లు. ఆ ఫ్రేములో 54, 17 కలిపితే 71. అంటే గ్లాసు నడిమధ్యకీ నీ నల్లగుడ్డుకీ ఒక్కో పక్క నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా. మైనస్ గ్లాసు మధ్యలో పలచగా, అంచులకి పోయేకొద్దీ లావుగా ఉంటుంది కదా, పెద్ద ఫ్రేములో, అందులోనూ పక్కకి జరిపి వేస్తే చెవివైపు అంచు బాగా లావైపోతుంది. నువ్వు లెక్కల టీచరువి, నీకు ఇంకా చెప్పాల్నా. లావంటే బరువు, బరువంతా ముందుపక్క, ముక్కుకి పట్టు లేదు, ఇంకేముంది, జారుడుబండే.

తలనొప్పి అని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేసినావు, నాకైతే అదే ముఖ్యం అనిపించింది. మైనస్ గ్లాసు కంటికి దూరం జరిగేకొద్దీ దాని పవర్ తగ్గినట్లు పనిచేస్తుంది. నీ పవర్‌కి ఫ్రేము 8 మిల్లీమీటర్లు ముందుకు జారితే సుమారు 0.3 తగ్గినట్లే. చిన్న పవర్ వాళ్ళకి ఇది లెక్కలోకి రాదు, 4 దాటినోళ్ళకి తెలుస్తుంది. రోజుకి ఆరు పీరియడ్లు జారిన గ్లాసులోంచి ఆఖరి బెంచీ పిల్లల్ని కళ్ళు చిట్లించి చూస్తా, గడ్డం పైకెత్తి మెడ పట్టేసుకుంటా ఉంటే సాయంత్రానికి తల నొప్పక ఏం చేస్తుంది? అయినా కొత్త జత కొనే ముందు కళ్ళు మళ్ళీ టెస్ట్ చేయించు, ఈ పవర్‌కి ఏడాదికొకసారి కంటి డాక్టర్ దగ్గర మందు వేయించుకుని లోపల రెటీనా, అంటే కంటి వెనక పొర, కూడా చూపించుకోవడం మంచిది, ఎక్కువ సైటున్నోళ్ళకి అది అవసరం.

సరే, ఇప్పుడేం చేయొచ్చు.

ఖర్చు తక్కువ దారి, ఉన్నవాటినే సరిచేసుకోవడం. మెటల్ దానికి ప్యాడ్లు, కాడలు చెప్పినాను. ప్లాస్టిక్ దానికి అంటించే సిలికాన్ ప్యాడ్లు దొరుకుతాయి, ముక్కు దగ్గర రెండు మిల్లీమీటర్లు ఎత్తు వచ్చినా బుగ్గల మీది నుంచి లేస్తుంది. కానీ చెమటకి జిగురు ఊడుతుంది, ఏప్రిల్ మే నెలల్లో వారం కూడా ఉండదేమో. చెవి వెనక తొడిగే రబ్బరు కొక్కేలు కూడా ఉంటాయి, జారకుండా ఆపుతాయి గానీ బరువు తగ్గించవు, చెవి వెనక పుండు పడేవాళ్ళున్నారు. కాడలు వంచేది ఇంట్లో మాత్రం చేయొద్దు, లావు ప్లాస్టిక్ అసిటేట్ అయితే షాపులో వేడిగాలి మిషన్‌తో మెత్తబరిచి వంచుతారు, టిఆర్90 అని రాసి ఉంటే అది వేడికి అంత లొంగే రకం కాదు. మా దగ్గరికొకాయన పొయ్యి మంట మీద పెట్టి తెచ్చినాడు, కాడ కాస్తా జంతిక మాదిరి తిరుక్కుపోయింది.

రెండో దారి, కొలత ప్రకారం కొత్తది. నేనైతే నీకు సన్న మెటల్‌లోనే, తిప్పుకోగల ప్యాడ్లున్న ఫ్రేము చూడమంటాను, ఎందుకంటే చప్పిడి ముక్కుకి ప్యాడ్లు దగ్గరికి లాగొచ్చు, ఎత్తు పెంచొచ్చు, మనిషిని బట్టి మార్చుకునే వీలుంటుంది. గ్లాసు 49, 50 దాటొద్దు, మధ్యలో 17, 18 చూడు, అప్పుడు మొత్తం నీ 62 పిడికి దగ్గరగా వస్తుంది, అంచు లావు తగ్గుతుంది. అయితే గ్లాసు చిన్నదైతే ఫ్రేము మళ్ళీ ఇరుకవుతుందే అంటావు, నిజమే, అందుకే గ్లాసు పక్కన కాడ తగులుకునే చోటు వెడల్పుగా బయటికొచ్చిన మోడల్ అడగాల, ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకి నీ కణతల వెడల్పుకి సమానంగా ఉండాల, ఆ కొలత కాడ లోపలి నంబర్లలో ఉండదు, పెట్టుకుని చూస్తేనే తెలిసేది. అందుకే ఈసారి ఆన్‌లైన్ వద్దంటాను. సప్తగిరి సర్కిల్ దాకా ఒక సాయంత్రం పోయి రెండు మూడు షాపులు తిరుగు, ఆదివారం రద్దీలో మాత్రం పోవద్దు, ఫిటింగ్‌కి ఓపిక ఉండదు ఎవరికీ. పెట్టుకుని అద్దంలో అందం చూసుకునే ముందు తల దించి నేల చూడు, గట్టిగా నవ్వు, నాలుగుసార్లు తల అడ్డంగా ఊపు. షాపులో నవ్వడానికి సిగ్గనిపిస్తే ఫ్రెండ్‌ని తీసుకుపో. గ్లాసులు వచ్చినాక మళ్ళీ ఫిటింగ్ చేయించుకునే హక్కు నీకుంది, ఉత్త ఫ్రేముకి ఒక లెక్క, గ్లాసు బరువు పడినాక ఇంకో లెక్క.

గ్లాసు మామూలు 1.5 కాకుండా 1.67 ఇండెక్స్ (గ్లాసు వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే నంబరు) అడిగితే అంచు పలచబడుతుంది, ధర మాత్రం బాగా పెరుగుతుంది. దుడ్లు ఒకదానికే ఉంటే ఫ్రేము బ్రాండుకి పెట్టొద్దు, గ్లాసుకి పెట్టు. యాంటీ గ్లేర్ కోటింగ్ ఉంటే ఫోటోల్లో తెల్ల మెరుపు రాదు, ఎదుటోళ్ళకి నీ కళ్ళు కనపడతాయి, మీ అమ్మ బాధలో సగం అదే కావొచ్చు.

గుండ్రటి మొహానికి చదరం, కోల మొహానికి గుండ్రం అని బొమ్మలేసి చెప్తారు కదా, నేను కొట్టేయను, సరదాకి చూసుకో, కానీ ఎంత నప్పే ఆకారమైనా ముక్కు చివరికొచ్చి వేలాడితే ఎవరికీ బాగుండదు. ముందు కూర్చోనీ, తర్వాత అందం.

కాంటాక్ట్ లెన్స్ మూడో దారి. నీ పవర్‌కి దొరుకుతాయి, సిలిండర్ ఉంది కాబట్టి దానికి తగ్గవి కావాల్సి రావొచ్చు. ముక్కుతో పనే లేదు, చూపు విశాలంగా ఉంటుంది. కానీ పెట్టుకుని పడుకోకూడదు, కుళాయి నీళ్ళు తగలనీకూడదు, చేతులు కడగాల, చాక్‌పీసు దుమ్ములో ఆరు గంటలు నీకు ఎట్ల పడతాయో చూసుకోవాల. కన్ను ఎర్రబడినా నొప్పి పుట్టినా తీసేసి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, రేపు చూద్దాం అనే పని లేదు. పెళ్ళిచూపుల రోజు పొద్దున మొదటిసారి పెట్టుకుందాం అనుకోవద్దు తల్లీ, కళ్ళల్లో నీళ్ళు కార్చుకుంటా కూర్చుంటే పెళ్ళి ఇష్టం లేక ఏడుస్తాందనుకుంటారు. ఇప్పుడే డాక్టర్ దగ్గర కొలతలిచ్చి అలవాటు చేసుకుంటే సరిపోతుంది. ఇంట్లో మంచి కళ్ళజోడు ఒకటి ఎట్లాగూ ఉండాల్సిందే.

ఇక ఆపరేషన్. నాన్న అనుకున్నంత భయంకరం కాదు, అమ్మ అనుకున్నంత సులువూ కాదు. 18 దాటి పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాల, కంటి నల్లగుడ్డు మీది పొర మందం, ఆకారం కొలవాల, కొంతమందికి కుదరదనే చెప్తారు. చేయించుకున్నాక కళ్ళు పొడిబారడం చానామందికి కొన్ని నెలలు ఉంటుంది. 40 దాటినాక దగ్గరి చూపుకి అద్దాలు మళ్ళీ రావొచ్చు. సైటు వల్ల రెటీనాకి ఉండే ముప్పు ఆపరేషన్‌తో పోదు, ఆ పరీక్షలు తర్వాత కూడా చేయించుకోవాల్సిందే. నీకే అద్దాల బాధ వదిలించుకోవాలని ఉంటే పోయి పరీక్షలు చేయించుకో, అడగడంలో తప్పేం లేదు. కానీ రెండు నెలల్లో వచ్చే సంబంధం కోసం అని తొందరపడి చేయించుకుంటే, ఆ సంబంధం కుదరకపోతే మీ అమ్మ ఇంకో కారణం వెతుకుతుంది, అప్పుడు ముక్కే మిగిలింది కదా.

అమ్మ గురించి. ఆమె మీద నాకు కోపం రాలేదు, మొదటివాళ్ళు కబురు చెప్పకపోతే ఏదో ఒక కారణం కావాల కదా మనిషికి, అద్దాలు కనపడినాయి. కానీ మైనస్ 6.50 అంటే ఏందో ఆమెకి ఒకసారి చూపించు. అద్దాల్లేకుండా నీకు ఏదైనా స్పష్టంగా కనపడేది 15 సెంటీమీటర్ల దాకానే, ఇంత జానెడు కూడా కాదు. నీ స్కేలు తీసుకుని ముక్కు దగ్గర పెట్టి ఆమెకి కొలిచి చూపించు, "ఇంతకంటే దూరంలో ఉన్న అబ్బాయిని నేను చూల్లేను, వాళ్ళు నన్ను చూసి పోతారు, నేను ఎవర్ని చూసినట్లు?" అని అడుగు. గొడవ పడకుండా, వంటింట్లో ఆమె తీరిగ్గా ఉన్నప్పుడు. కాఫీ గ్లాసు సంగతికి ఆమె ఇంకా సిగ్గుపడతాందేమో, అది నీ పొరపాటు కాదని ఆమెకి తెలియాల.

తీసేసి కూర్చుంటే ఆ గంట గడిచిపోతుంది, అమ్మకి మనశ్శాంతి, కానీ నీకు సైటుందనే సంగతి తర్వాత ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, అప్పుడు "చెప్పలేదే" అనే మాట మీ నాన్న పడాల. లెన్స్ పెట్టుకుంటే నీకు కనపడుతుంది, వాళ్ళకి అద్దాలు కనపడవు, కానీ మధ్యవర్తితో ముందే "అమ్మాయికి సైటుంది" అని ఒక మాట చెప్పించడం నయం. అద్దాలతోనే కూర్చుంటే ఎవరన్నా వద్దనుకుంటే ముందే అనుకుంటారు, నీ టైము మిగులుతుంది, అమ్మని ఒప్పించడం మాత్రం కష్టం. మూడిట్లో ఏది నీ ఇంట్లో నడుస్తుందో నీకే బాగా తెలుసు. నా మనసు అయితే సరిగ్గా కూర్చున్న కొత్త జత వైపు, అది అమ్మకి కూడా చూపించి ఆమె చేతనే రంగు ఎంపిక చేయించు, తను ఎంచిన దాన్ని తనే తీయమనదు.

ఇంకొక్క పని నీ తరగతి గదిలో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు 2019 అక్టోబర్ 10న మీ అనంతపురంలోనే మొదలైంది, మొదట బడి పిల్లలకే పరీక్షలు చేసినారు. నీ క్లాసులో కూడా అద్దాల పిల్లలుంటారు. వాళ్ళల్లో ఎవడన్నా అద్దాలు సంచిలో పెట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చి రాసుకుంటాన్నాడేమో చూడు, అది కొంటెతనం కాకపోవచ్చు, జారుతా ఉండొచ్చు. పిల్లల ముక్కు దూలం ఇంకా ఎదగదు, చప్పిడిగానే ఉంటుంది, నీ బాధ వాళ్ళకి నోటితో చెప్పడం రాదు. అద్దాలకి తాడు కట్టించమని వాళ్ళ అమ్మకి ఒక చీటీ రాయి.

మీ ఇంటికి వాళ్ళొచ్చి పోయినాక మళ్ళీ ఉత్తరం రాయి. వాళ్ళేమన్నారో తర్వాత, ముందు అబ్బాయి ఎట్లున్నాడో నువ్వు చూసి చెప్పు.